మాయా దిదీ ఇంటికొచ్చిన క్రిస్మస్

నర్సు కోర్సు చదివే అమ్మాయిలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. ముప్పై ఏళ్లకు పైగా పురుళ్లు పోసినదాన్ని కదా, ఏదో గొప్ప కిటుకు చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం ఎప్పుడూ ఒకటే. చేతులు ఎంత నేర్చినా నోటిని నమ్మకండి. నా నోరు రెండుసార్లు దారి తప్పింది. మొదటిసారి నా పరువు తీసింది. రెండోసారి ఒక మనిషి ప్రాణం నిలబెట్టింది. ఆ రెండోది దాదాపు మూడేళ్ల తర్వాత నేను క్రిస్మస్‌కు ఇంటికి వస్తున్న రోజున, ఇల్లు ఇంకా రెండు గంటల దూరం ఉందనగా జరిగింది.

మాది ఆలేరు స్టేషన్‌లో దిగి ఎడ్లబండి మీద నాలుగు గంటలు పోతే వచ్చే ఊరు. ఊరి చివర మా వాడ, వాడకు ఒక చిన్న చర్చి. బాపు జీతానికుండి పొలం దున్నేవాడు, అమ్మ కలుపులకూ కోతలకూ పోయేది. పాదిరీల ఆసుపత్రిలో నర్సు పని, మంత్రసాని పని నేర్చుకున్నాను. పాసైన ఏడాదే నేపాలులో కొండల మీద కొత్తగా పెట్టిన ఆసుపత్రికి నర్సులు కావాలని చర్చిలకు కబురొచ్చింది. జీతం లేదు. తిండి, ఉండటానికి గది, ఏడాదికి రెండు జతల బట్టలు. స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్లే రావాలి. నాకు ఇరవై మూడేళ్లు, ఒంట్లో బలం, తలలో పొగరు. వస్తానని చేయెత్తాను.

బాపు మురిసిపోయాడు. అమ్మ మాత్రం చేతిలో చాట కింద పడేసి ఒకే మాట అడిగింది.

"జీతం లేని నౌకరికి దేశం దాటి పోతవా? ఎందుకు, ఈడ ఆడోళ్లు కంటలేరా?"

ఆ మాట చెవిన పెట్టే వయసు కాదు నాది. అమ్మ ఆ రోజు నుంచి నేను బయలుదేరేదాకా నాతో మాట్లాడలేదు. స్టేషన్‌కూ రాలేదు. అంతకుముందు ప్రతి మాటకూ బిడ్డా అని పిలిచే మనిషి, అన్నం గిన్నె నా ముందు పెట్టి పక్కకు తిరిగి నిలబడేది.

విదేశమంటే మీరు విమానం అనుకునేరు. నాది నడిచిపోయే విదేశం. మూడు రైళ్లు మారి సరిహద్దు దాకా పోయి, అక్కడి నుంచి రెండు రోజులు కొండలెక్కాలి. ఆసుపత్రి అంటే రాతి గోడలు, రేకుల కప్పు, పన్నెండు మంచాలు. ఒక తెల్ల డాక్టరమ్మ, కేరళ నుంచి వచ్చిన మరో నర్సు, నేను. మాతో పాటు ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊరి పురుళ్లన్నీ పోసిన ఒక ముసలమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. సగం మంది ఆడవాళ్లు ఆమె ఉంటే తప్ప మా గడప తొక్కేవాళ్లు కారు. అందుకని డాక్టరమ్మ ఆమెకొక పీట వేసి కాన్పుల గదిలోనే కూర్చోబెట్టింది. ఆ పీట చూసి నాకు మొదట ఒళ్లు మండింది. చదువుకొచ్చినదాన్ని నేను, పీట మీద ఆమె.

నేను వెళ్లిన రెండో వారం నా మొదటి కాన్పు. బిడ్డ సులువుగానే వచ్చింది. ఇక లోపల బొడ్డుతాడుకు అంటిపెట్టుకున్న మాయ పడాలి. మీకు తెలియనిది కాదు, అది పడితేనే కాన్పు అయినట్టు. పడకపోతే తల్లి ప్రాణానికే ముప్పు. నాకు వచ్చిన హైదరాబాదు ఉర్దూనే కాస్త వంచి, తల్లి మొహంలోకి వంగి "మాయా ఆయో?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. మళ్లీ అడిగాను. పక్కనున్న పసిగుడ్డు వైపు చూసి, సిగ్గుపడి, "ఆయో" అని తలూపింది. అదే సమయానికి పీట మీది ముసలమ్మ "సాల్, సాల్" అని చేయి ఊపసాగింది.

మా వైపు సాలు అంటే చాలు అని కదా. మాయ వచ్చిందని తల్లే చెప్పింది, ఇక చాలు పొమ్మని ముసలమ్మ అంటోంది. ఆమే తీసి పక్కన పెట్టిందనుకున్నాను. చేతులు కడుక్కోవడానికి బయటికి నడిచాను. రెండడుగులు వేశానో లేదో ముసలమ్మ పీట మీంచి లేచి వచ్చి నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. మాయ లోపలే ఉంది. ఆమే తీరిగ్గా పడేలా చేసింది, నేను చూస్తూ నిలబడ్డాను.

సంగతేమిటో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. వాళ్ల భాషలో మాయా అంటే ప్రేమ, మమకారం. మనం మాయ అనేదాన్ని వాళ్లు సాల్ అంటారు. అంటే నేను అప్పుడే కన్న తల్లిని పట్టుకుని, మమకారం కలిగిందా, కలిగిందా అని నిలదీశాను. కలిగిందని ఆమె బిడ్డను చూసి ఒప్పుకుంది. ముసలమ్మ మాయ రాలేదని మొత్తుకుంటుంటే చాలని అర్థం చేసుకున్నాను. డాక్టరమ్మ నవ్వలేక స్టూలు మీద కూలబడింది. కేరళ నర్సు ఆ కథను సాయంత్రానికల్లా కొండ మొత్తం చేరవేసింది. ఆ రోజు నుంచి నేను ఆ కొండల మీద మాయా దిదీని, అంటే మాయక్కను. నా అసలు పేరు పిలిచేవాళ్లే లేకుండా పోయారు.

సిగ్గుతో చచ్చి, మాయ అనే మాటను నా నోట్లోంచి తరిమేశాను. సాల్, సాల్ అని నిద్రలో కూడా అనేంతగా అలవాటు చేసుకున్నాను. పొగరు కూడా కొంత తగ్గింది. ముసలమ్మ పీట పక్కన కూర్చోవడం నేర్చుకున్నాను. పుస్తకంలో లేనివి చాలా ఆమె దగ్గర చూశాను. మాయ పడకపోతే బొడ్డుతాడు పట్టి లాగేది కాదు. తల్లిని లేపి కూర్చోబెట్టి మూత్రానికి పంపేది, బిడ్డను రొమ్ముకు పట్టించేది, ఖాళీ సీసా ఇచ్చి గట్టిగా ఊదమనేది. తర్వాత పీట మీద కూర్చుని ఊరికే ఉండేది. ఆ ఊరికే ఉండటమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

ఇంటి నుంచి ఉత్తరాలు బాపు పేరు మీద వచ్చేవి. రాసేది మా చర్చి పాస్టరుగారు. గోదావరి వైపు నుంచి వచ్చిన, ఇంకా పెళ్లికాని కుర్రవాడు. బాపు ఏం చెప్పినా ఆయన గ్రాంథికంలో పెట్టి రాసేవాడు. మూడో క్రిస్మస్ దగ్గర పడుతుండగా, మొదటిసారి అమ్మ పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. "ప్రియ కుమార్తెకు దీవెనలు. ఈ క్రిస్మస్ పండుగ ముందటి దినమున సూర్యాస్తమయము లోపల నీవు గృహమునకు రానిచో, ఇక ఎన్నటికిని రానక్కరలేదు." చదివి ముందు నవ్వాను. తర్వాత ఏడ్చాను. పాస్టరుగారి మాటల కింద అమ్మ గొంతు నాకు వినబడింది.

నా ఒప్పందం గడువు కూడా తీరబోతోంది. డాక్టరమ్మ సెలవిచ్చింది. బయలుదేరిన రోజున ముసలమ్మ వాగు దాకా వచ్చి, నా చేతిలో ఒక ఉన్ని కంబళి పెట్టి, "మాయా నమార్ను" అంది. మమకారం చంపుకోకు అని అర్థం. ఆ కంబళి అమ్మకని నిర్ణయించుకున్నాను. మాట్లాడకపోయినా కప్పుకుంటుంది కదా.

క్రిస్మస్ ముందు రోజు పొద్దున పదింటికి ఆలేరులో దిగాను. బాపు ఎవరినో అడిగి బండి తెచ్చాడు. నన్ను చూసి ఏడ్చాడు, ఏడుస్తూనే నా పెట్టె బండిలో పెట్టాడు, వెంటనే సూర్యుడి వైపు చూశాడు. పొద్దు గూకేలోపల చేర్చకపోతే అమ్మ తనను బతకనివ్వదని దారంతా అదే గోల. అంత తొందరలో కూడా దారిలో ఎవరు కనబడ్డా బండి ఆపి, ఫారిన్ పోయొచ్చిన నర్సు తన బిడ్డేనని చెప్పడం మానలేదు. రెండు గంటల్లో తేలే సగం దారికే మూడు గంటలు పట్టింది.

సగం దూరంలో ఒక ఊరుంది. ఎడ్లకు నీళ్లు పెడదామని అక్కడి బావి దగ్గర ఆగాం. చేదతో నీళ్లు తోడుకుంటున్న ఒక పెద్దమనిషికి బాపు మళ్లీ నా గొప్ప మొదలుపెట్టాడు. నర్సు అన్న మాట వినగానే ఆయన చేద వదిలేశాడు.

"జర మా ఇంటికి రా తల్లీ. మా కోడలు పొద్దుగాల కన్నది. ఇంకా మాయ వడతలేదు."

మాయ పడటం లేదు. దాదాపు మూడేళ్ల తర్వాత ఆ మాట నా చెవిన పడింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. మమకారం పడకపోవడమేమిటి అనిపించింది. పొద్దున కన్నాక ఇప్పటిదాకా పడలేదంటే చాలాసేపు. నా పెట్టెలో పనిముట్లు లేవు, సూదిమందు లేదు. పుస్తకం ప్రకారం ఇలాంటప్పుడు డాక్టరు చేయి పెట్టి తీయాలి. నేను చూశానే కానీ ఎన్నడూ చేయలేదు. భువనగిరి దవాఖానకు తీసుకుపోదామంటే బండి మీద మళ్లీ ఆలేరు, అక్కడి నుంచి రైలు. కుదుపులకు దారిలోనే రక్తం పోవచ్చు.

బాపు వైపు చూశాను. ఆయన సూర్యుణ్ని చూశాడు, నన్ను చూశాడు. కాడి దించి ఎడ్లను విప్పి బావి పక్క తుమ్మకు కట్టేశాడు. అటుగా మా ఊరి దిక్కు పోతున్న గొర్ల కాపరిని ఆపి అమ్మకు కబురంపాడు. బిడ్డ వచ్చింది, ఇక్కడ మాయ పడటం లేదు, పడ్డాక వస్తది అని.

ఆ ఇల్లు కాపుదనపు ఇల్లు. మామూలు రోజుల్లో మా వాడ వాళ్లను గడప దాటనిచ్చే ఇల్లు కాదు. పురిటి గదికి మాత్రం దొడ్డి వైపు నుంచి తలుపుంది. పురుడు జరిగే చోట అంటు ఎలాగూ ఉంటుంది కాబట్టి మాలాంటివాళ్లను అటు నుంచి రానిచ్చేవాళ్లు. నేను వంగి లోపలికి పోయాను.

లోపల చీకటి, పొగ. ఆ పిల్లకు ఇరవై కూడా ఉండవు. అత్త ఆమె జడ కొసను ఆమె నోట్లోనే కుక్కుతోంది, డోకు వస్తే ఆ ఊపుకు మాయ పడుతుందని. పసిగుడ్డు బొడ్డు కోయకుండా పాత గుడ్డ మీద, చలికి నీలంగా పడి ఉంది. ఆ ఊరి మంత్రసాని బొడ్డుతాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కాలు గోడకు తన్ని, గుంజడానికి సిద్ధంగా ఉంది. అలా గుంజితే మాయ తెగి లోపల ముక్క మిగులుతుంది, లేదా గర్భసంచే బయటికి వస్తుంది. ఏది జరిగినా ఆ పిల్ల దక్కదు.

మాయ అని అరవబోయాను. గుంజకు, మాయ తెగుతుంది అని. నోట్లోంచి వచ్చింది వేరే. మూడేళ్ల అలవాటు.

"సాల్! సాల్! సాల్!"

మంత్రసాని చేయి ఆగిపోయింది. చేతికున్న చుట్లు విప్పి తాడు వదిలేసింది. అత్త వైపు తిరిగి కొంచెం నొచ్చుకున్నట్టు చెప్పింది.

"సాలంటాంది నర్సమ్మ. గుంజుడు సాలట."

నేను మాయ గురించి అరిస్తే ఆమెకు చాలు అని వినబడింది. కొండల మీద ముసలమ్మకూ నాకూ మధ్య జరిగిన పొరపాటే, ఈసారి తిరగబడి, ఆ పిల్లను కాపాడింది. నేను గుంజకు అని ఉంటే ఆమె ఆగేది కాదు. ఊరి పురుళ్లన్నీ పోసిన మనిషి, నిన్నమొన్నటి పిల్ల చెబితే ఎందుకు వింటుంది? ఇక చాల్లే అన్నట్టు వినబడటం వల్లే ఆగింది. ఈ సంగతి ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. అంతా తెలిసే అరిచినట్టు మొహం పెట్టాను.

మంత్రసానిని పక్కకు నెట్టలేదు. ఒక పీట అడిగి ఆమెకు వేశాను. కూర్చోమని, పిల్ల నడుము పట్టుకోమని చెప్పాను. ఆమె కూర్చుంది. అప్పటినుంచి నేను అడగకముందే నాకు కావలసింది అందించింది.

చూస్తే రక్తం పెద్దగా పోవడం లేదు. అదొక్కటే ధైర్యం. పొత్తికడుపు మీద చేయి వేస్తే ఉబ్బి గట్టిగా ఉంది. నిన్నటి నుంచి మూత్రానికి లేవనివ్వలేదట. ముందు ఆ పని చేయించాం. ఇక బొడ్డు కోసి బిడ్డను రొమ్ముకు పట్టించాలి. అక్కడ అత్త అడ్డం పడింది. మాయ పడకముందే బొడ్డు కోస్తే మాయ గుండెకెక్కుతుందని ఆమె భయం. మా కొండల్లోనూ ఇదే భయం ఉండేది. ముసలమ్మ చేసిందే చేశాను. ఎక్కకుండా తాడు కొసను తల్లి తొడకు దారంతో కట్టేస్తానన్నాను. ఎక్కే మాయ ఎక్కడా లేదని నాకు తెలుసు. కానీ వాదిస్తే పొద్దు పోతుంది, కడితే పని అవుతుంది. అత్త ఒప్పుకుంది. దారం, నా పెట్టెలోని కొత్త బ్లేడు మరగబెట్టి బొడ్డు కోశాను.

బిడ్డకు కప్పడానికి ఆ గదిలో వెచ్చటి గుడ్డ ఒక్కటీ లేదు. పెట్టెలోంచి అమ్మ కంబళి తీశాను. బిడ్డను అందులో చుట్టి తల్లి రొమ్ము దగ్గర పెట్టాను. మొదట నోరు తెరవలేదు. కాసేపటికి పట్టింది. దాని మొహంలో రంగు మారుతుంటే మంత్రసాని నన్ను చూసి తలూపింది.

ఊదడానికి సీసా లేదు. బాపు నీళ్లు తెచ్చుకున్న సొరకాయ బుర్ర గుర్తొచ్చి తెప్పించాను. దాన్ని చేతిలోకి తీసుకుని గట్టిగా ఊదమని పిల్లకు చెప్పాను. ఆమె ఊదింది, ఆగింది, మళ్లీ ఊదింది. ఇక చేయవలసింది లేదు. ఊరికే కూర్చోవాలి. చేయి కడుపు మీద పెట్టి, రక్తం చూసుకుంటూ, ఇప్పుడు పోవడం మొదలైతే ఏం చేయాలో నాకు తెలియదని ఎవరికీ తెలియనివ్వకుండా కూర్చున్నాను. దేవుణ్ని ప్రార్థించానా అంటే, నిజం చెబుతున్నాను, గుర్తురాలేదు. ముసలమ్మ మొహమే కళ్లముందుంది.

తలుపు సందులోంచి పడే ఎండ గోడ మీద పైకి జరుగుతూ ఎర్రబడింది. అమ్మ చెప్పిన పొద్దు గూకే వేళ అదే. అప్పుడు నా చేయి కింద కడుపు రాయిలా గట్టిపడింది. పిల్ల బుర్ర వదిలేసి మూలిగింది. తొడకు కట్టిన తాడు దానంతట అదే జారి పొడుగైంది. మాయ పడింది.

చాటలో పెట్టి, దీపం దగ్గరికి తెచ్చి, మంత్రసానీ నేనూ తలలు ఆనించి చూశాం. ఎక్కడా ముక్క తగ్గలేదు. ఆ చాట పట్టుకుని ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అత్త నా చేయి పట్టుకుని వదల్లేదు. గడప సంగతి అప్పుడు ఆమెకు గుర్తులేదు, నేనూ గుర్తు చేయలేదు. తర్వాత కూడా రక్తం పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి తెల్లారేదాకా అక్కడే ఉన్నాను. బాపు బావి దగ్గర బండి కింద పడుకున్నాడు, తాగడానికి బుర్ర కూడా లేకుండా చేశానని తెల్లారి సణిగాడు.

చాలా ఏళ్ల తర్వాత ఆ మంత్రసానికి అసలు సంగతి చెప్పాను, నేనన్నది సాలు కాదని. ఆమె పళ్లు లేని నోటితో నవ్వి, ఏదైతేంది, ఆగిన గద అంది. అప్పటికి మేమిద్దరం చుట్టుపక్కల ఊళ్లలో లెక్కలేనన్ని పురుళ్లు కలిసి పోశాం. నేను మళ్లీ దేశం దాటలేదు.

క్రిస్మస్ పొద్దున మా వాడ చేరేసరికి ఆరాధన అయిపోయి జనం బయటికి వస్తున్నారు. పాస్టరుగారు ఎదురొచ్చి, మీ అమ్మగారు కోరగా రాత్రంతా సంఘమంతా ప్రార్థన చేశామని, లోకమాయ ఆ గృహమును విడిచిపోవాలని తానే ఒక గంట వాక్యం చెప్పానని అన్నారు. పాపం, అమ్మ ఏ మాయ గురించి ప్రార్థించమందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన వెనకాల ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

అమ్మ నవ్వలేదు. చర్చి గోడ పక్కన నిలబడి ఉంది. మూడేళ్లలో చాలా చిక్కిపోయింది. నా చీర మీద మరకలున్నాయి, చేతిలో ఆమెకు తెచ్చినది ఏదీ లేదు, చెప్పిన పొద్దు దాటి ఒక రాత్రి గడిచింది. ఏమంటుందోనని ఆగిపోయాను. ఆమే నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. రాత్రంతా నిద్రపోని కళ్లు.

"మాయ వడ్డదా, బిడ్డా?"

నా చెవులు అప్పటికి ఇంకా రెండు దేశాల మధ్యే ఉన్నాయి. ఆ మాట నాకు రెండు భాషల్లోనూ వినబడింది. వడ్డదమ్మా అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు. అమ్మ నన్ను కొంగులోకి లాక్కుని, జర కాళ్లు కడుక్కుని రా, అన్నం సల్లారిపోతాంది అంది.

అమ్మాయిలూ, ఆ ప్రశ్న నా సర్వీసులో ఎందరు తల్లుల పక్కన నిలబడి అడిగానో లెక్కలేదు. నన్ను ఒకరు అడిగింది మాత్రం ఆ ఒక్కసారే.